యాభై ఏళ్లకు దగ్గరపడ్డ వింటేజ్ పోర్ట్: తెరవడం, రుచి చూడడం, అంచనా కట్టడం

మీరు అడిగింది ఇది: ఇంగ్లండ్‌లో ఉండే పెదనాన్నగారు ఇచ్చిన 1977 వింటేజ్ పోర్ట్ (ఆ ఒక్క ఏడాది పంటతో చేసిన తియ్యటి, ఘాటైన పోర్చుగీసు వైన్) సీసా ఒకటి హైదరాబాద్ చేరింది. పైన రేకు కింద జిగటగా ఉంది. లోపలి వైన్ మట్టం మెడలో నుంచి కాస్త దిగింది. ఆరుగురు కలిసి తెరవాలనుకుంటున్నారు. అది బాగుందో పోయిందో ఎలా తెలుస్తుంది, బాగుంటే ఎంత బాగున్నట్టు, పెదనాన్నగారి దగ్గర అదే పెట్టెలో మిగిలిన ఐదు సీసాలను ఎప్పుడు తెరవమని చెప్పాలి?

ఇందులో రెండు ప్రశ్నలు కలిసిపోయాయి, ముందు వాటిని విడదీయాలి. ఈ సీసా ఇన్నేళ్లు ఎలా బతికింది అన్నది ఒకటి. అందులోని వైన్ పుట్టుకతో ఎంతటిది అన్నది ఇంకొకటి. గొప్ప వైన్ ఉన్న సీసా ఎండకు పాడై ఉండొచ్చు. మామూలు వైన్ చల్లని నేలమాళిగలో చెక్కుచెదరకుండా ఉండొచ్చు. పాత పోర్ట్ మీద జరిగే తప్పుడు తీర్పుల్లో చాలావరకు ఈ రెంటినీ కలిపేయడం వల్ల, ఆపైన తొలి గుక్కకే తీర్పు చెప్పేయడం వల్ల వస్తాయి. అందుకే నోట్ రాసేటప్పుడు "సీసా స్థితి" అని ఒక వరుస, "వైన్ స్థాయి" అని ఇంకో వరుస వేరుగా పెట్టుకోండి.

మన దగ్గర పోర్ట్ వైన్ అంటే గోవా నుంచి తెచ్చే చవకైన తియ్యటి ఎర్ర వైన్ గుర్తొస్తుంది. పేరు ఒకటే తప్ప మీ చేతిలో ఉన్నదానికీ దానికీ పోలిక లేదు. ఇది ఉత్తర పోర్చుగల్‌లో దోరో నది లోయది. ఆ ప్రాంతానికి 1756లోనే హద్దులు గీశారు. ద్రాక్ష రసం రెండు మూడు రోజులు పులిశాక, చక్కెర ఇంకా సగం మిగిలి ఉండగానే 77 శాతం ఆల్కహాల్ ఉన్న ద్రాక్ష సారా కలిపి పులియడాన్ని ఆపేస్తారు. పాత లెక్కలో 435 లీటర్ల రసానికి 115 లీటర్ల సారా, మొత్తం 550 లీటర్లు, అంటే ఒక పీపా. అందుకే ఇందులో ఆల్కహాల్ 20 శాతం దాకా, చక్కెర లీటరుకు సుమారు 100 గ్రాములు ఉంటాయి. వింటేజ్ రకాన్ని పీపాలో రెండేళ్లకు అటూ ఇటూ మాత్రమే ఉంచి, వడకట్టకుండా సీసాలో పోస్తారు. మిగిలిన దశాబ్దాల ఎదుగుదలంతా సీసాలోనే. రంగు పదార్థాలూ, వగరునిచ్చే టానిన్లూ ఒకదానికొకటి అతుక్కుని బరువెక్కి అడుగున మడ్డిగా దిగుతాయి. ఆ మడ్డి వైన్ పాడైందనడానికి గుర్తు కాదు. యాభై ఏళ్ల వింటేజ్‌లో మడ్డి అసలు లేకపోతేనే అనుమానించాలి.

లేబుల్ సరిగ్గా చదవండి. సంవత్సరం ఉన్నంత మాత్రాన అది వింటేజ్ పోర్ట్ అయిపోదు. "లేట్ బాటిల్డ్ వింటేజ్" అని ఉంటే నాలుగు నుంచి ఆరేళ్లు పీపాలో ఉండి సీసాకెక్కినది. "కొల్యైటా" అని ఉంటే ఒకే ఏడాది పంటే గానీ కనీసం ఏడేళ్లు, తరచుగా దశాబ్దాలు పీపాలో ఉండి గోధుమ రంగుకు తిరిగిన టానీ రకం పోర్ట్. దానికి డికాంట్ చేయాల్సిన (మడ్డి రాకుండా వేరే పాత్రలోకి వంచాల్సిన) పని సాధారణంగా ఉండదు, రుచి చూసే పద్ధతి కూడా వేరు. సీసాలో పోసిన సంవత్సరం లేబుల్ మీద ఉంటే అదే గట్టి ఆధారం: 1977 వింటేజ్‌కు అది 1979 లేదా 1980 అయి ఉండాలి. 1970 పంట దాకా చాలా పోర్ట్ పీపాల్లో ఇంగ్లండ్ వెళ్లి అక్కడి వ్యాపారుల చేతిలో సీసాలకెక్కేది. అలాంటి వాటికి లేబులే ఉండకపోవచ్చు, లక్క ముద్రా బిరడా మీది అచ్చూ చూసి గుర్తుపట్టాలి. 1975 పంట నుంచి అంతా పోర్చుగల్‌లోనే సీసాకెక్కింది కాబట్టి మీదానికి ఆ చిక్కు లేదు. బిరడా బయటికి వచ్చాక దాని పక్కన కాల్చి వేసిన అచ్చులో సంస్థ పేరు, సంవత్సరం చదవండి. లేబుల్‌కూ దానికీ తేడా వస్తే బిరడానే నమ్మండి. ఇంకో చిన్న తనిఖీ: అన్ని సంస్థలూ ప్రతి ఏటి పంటనూ వింటేజ్‌కు తగినదని ప్రకటించవు. 1977ను చాలామంది ప్రకటించారు గానీ కాక్‌బర్న్ ప్రకటించలేదు.

ఇక మట్టం. సీసాను నిలబెట్టి చూడండి. ఈ వయసులో మట్టం మెడ మొదట్లో ఉంటే మామూలే. భుజం పైభాగానికి దిగినా కంగారు పడక్కర్లేదు. భుజం మధ్యకు వస్తే గాలి చాలా చొరబడినట్టు, పందెం అప్పుడు సగం సగమే. అంతకన్నా కిందికి దిగితే కొనకూడదు, ఇంట్లో ఉన్నదైతే పెద్దగా ఆశ పెట్టుకోకుండా తెరవాలి. జిగట విషయానికి వస్తే, పాతకాలపు కారుడు ఎండిపోయి నల్లగా గట్టిగా ఉంటుంది, కొత్తది వేలికి అంటుకుంటుంది. ఎండిన జిగట, మంచి మట్టం కలిసి ఉంటే దాన్ని వదిలేయవచ్చు. తడి జిగట, దిగిన మట్టం, సీసా అంచు కన్నా పైకి ఉబ్బిన బిరడా, ఈ మూడూ కలిస్తే సీసా వేడి తిన్నదని అర్థం. వేడికి వైన్ వ్యాకోచించి బిరడాను నెడుతుంది, చల్లబడినప్పుడు లోపలికి గాలి పీలుస్తుంది. మన వేసవిలో చెక్క బీరువాలో నెల రోజులు ఉన్నా ఇది జరుగుతుంది. కారిన చోట వాసన చూడండి: ఎండు ద్రాక్ష వాసనైతే ఫర్వాలేదు, వెనిగర్ అయితే లోపలా కొంత అదే ఉండొచ్చు.

ఇంట్లో వైన్ చిల్లర్ లేకపోతే, తెరవడానికి వారం పది రోజుల ముందు దాకా ఫ్రిజ్ కింది అరలో పడుకోబెట్టడం మేలు. అలమరాలో 38 డిగ్రీల కన్నా ఫ్రిజ్‌లో 6 డిగ్రీలు ఈ వైన్‌కు చేసే చెరుపు చాలా తక్కువ.

పాత పోర్ట్ సీసాల మీద ఒక పక్క తెల్ల సున్నం మరక కనిపిస్తుంటుంది. అది పైకి ఉండాల్సిన వైపు. మడ్డి దానికి ఎదురు వైపు పేరుకుని గట్టిపడి ఉంటుంది. పడుకోబెట్టినా, వంచి పోసినా ఆ మరక పైకే ఉండాలి. మీ సీసా విమానంలో వచ్చింది కాబట్టి ఆ పొర కదిలి ముక్కలై ఉంటుంది. మామూలుగా రెండు రోజులు నిలబెడితే చాలు గానీ, ప్రయాణం చేసిన దానికి వారం పది రోజులు నిలువుగా, కదపకుండా, చీకట్లో, చల్లగా ఉంచండి. సన్న మడ్డి దిగడానికి అంత సమయం పడుతుంది. అది వైన్‌లో కలిసిపోతే వచ్చే చేదునీ, నాలుక మీద పొడి పొడిగా తగిలే వగరునీ చూసి చాలామంది వైన్‌నే తప్పు పడతారు.

తెరవడంలో తొందర పనికిరాదు. 1990ల మొదటి దాకా వచ్చిన సీసాలకు పైన తొడుగు ఎక్కువగా సీసం రేకే. దాన్ని సగం కోసి వదలకుండా మొత్తం తీసేయండి. మూతి మీద తెల్లటి పొడి, నల్లటి మురికి ఉంటే తడిగుడ్డతో రెండు మూడు సార్లు శుభ్రంగా తుడవండి, ప్రతిసారీ గుడ్డ మడత మార్చండి. ఆ పొడిలో సీసం లవణాలు ఉంటాయి, వైన్ దాని మీదుగా పారకూడదు.

పోర్ట్ సీసా మెడ లోపల కొంచెం ఉబ్బుగా ఉంటుంది. యాభై ఏళ్లు నానిన పొడవాటి బిరడా కింది సగం ఆ ఉబ్బులోకి వ్యాపించి గాజుకు అతుక్కుంటుంది, పై సగం ఇరుకు మూతిలో ఎండిపోయి ఉంటుంది. లాగితే మధ్యలో తెగేది అందుకే. రెండు రెక్కల కార్క్‌స్క్రూ దీనికి పనికిరాదు, దాని మందపాటి మర బిరడాను పొడి చేసేస్తుంది. రెండు సన్నటి రేకులు బిరడాకూ గాజుకూ మధ్యగా దిగే రకం ఒకటి ఉంటుంది. దాన్ని ఊపుతూ దించి, మెలిపెడుతూ లాగాలి. వదులు బిరడాను అది లోపలికి నెట్టేస్తుందన్నదే దాని ఇబ్బంది. అన్నిటికన్నా నమ్మకమైనది పొడవైన సన్నటి స్క్రూనూ ఈ రెండు రేకులనూ కలిపి వాడే పరికరం. ముందు స్క్రూ దిగి బిరడాను పట్టుకుని ఉంటుంది, తర్వాత రేకులు పక్కల నుంచి విడదీస్తాయి. మామూలు స్క్రూనే వాడాల్సి వస్తే మర కనీసం 6 సెంటీమీటర్లు ఉండాలి. బిరడా అడుగు దాకా దించి, ఒక్క కుదుపున లాగకుండా నిమిషానికి కొంచెం చొప్పున పైకి తేవాలి.

సగంలో తెగితే సీసాను కొద్దిగా వంచి, మిగిలిన ముక్కలోకి స్క్రూను ఏటవాలుగా దించి, గాజు గోడకు ఆనిస్తూ లాగండి. రెండు ప్రయత్నాల్లో రాకపోతే ఇక పీకకండి, లోపలికి నెట్టేసి గుడ్డలో నుంచి వడకట్టుకోండి. బిరడా ముక్కలు వైన్‌ను పాడు చేయవు. మీరు పావుగంట సేపు ఊపిన సీసాలో లేచిన మడ్డే పాడు చేస్తుంది. పోర్చుగల్‌లో ఇనుప పటకారును ఎర్రగా కాల్చి మెడకు పట్టించి, వెంటనే ఐసు నీటి గుడ్డ చుట్టి మెడనే తుంచేస్తారు. చూడడానికి బాగుంటుంది, బిరడా గొడవే ఉండదు. చేయి తిరగని వాళ్లు ఇంట్లో మొదటిసారి అరుదైన సీసా మీద దాన్ని ప్రయత్నించకూడదు.

డికాంటర్ లేకపోతే మామూలు గాజు జగ్గు చాలు. అది శుభ్రంగా ఉందా అని కళ్లతో చూడడం సరిపోదు, ముక్కు పెట్టి చూడండి. అలమరా వాసన, సబ్బు వాసన ఉంటే వేడి నీళ్లతో కడిగి ఆరబెట్టండి. సీసం కలిసిన పాత క్రిస్టల్ పాత్ర అయితే ఆ పూటకు వాడుకోవచ్చు, రోజుల తరబడి అందులో వైన్ నిల్వ ఉంచకూడదు. వడకట్టడానికి పల్చటి మల్లు గుడ్డ మంచిది. కొత్త గుడ్డలో గంజి ఉంటుంది, ఉతికినదానిలో డిటర్జెంట్ వాసన ఉంటుంది. కాబట్టి ఒట్టి నీళ్లలో మరగబెట్టి, పిండి వాడండి. కాఫీ ఫిల్టర్ కాగితం వైన్‌కు కాగితం వాసన అంటిస్తుంది. తప్పనిసరైతే ముందు వేడి నీళ్లు పోసి తడపండి.

పోసేటప్పుడు సీసా భుజం కింద ఫోన్ టార్చ్ పైకి వెలిగేలా పెట్టండి. తెల్ల మరక పైకి ఉండేలా వంచి, ఆపకుండా, సన్నటి ధారగా పోయండి. మధ్యలో సీసాను నిలబెట్టారంటే అలలాగా వెనక్కి వెళ్లి మడ్డినంతా లేపుతుంది. చివర్లో పొగ తీగలా ఒక నల్లటి పాయ భుజం దాకా పాకుతుంది. అది మెడలోకి రాగానే ఆపేయండి. 750 మిల్లీలీటర్లలో 50 నుంచి 80 దాకా మిగలడం సహజం. దాన్ని గుడ్డలో నుంచి వేరే గ్లాసులోకి తీయండి, పారబోయకండి, మాంసం పులుసులోకి బాగా పనికొస్తుంది. అసలు వైన్‌లో మాత్రం కలపొద్దు.

ఎంత ముందు డికాంట్ చేయాలన్నదాంట్లో అందరికీ ఒకే అంకె చెప్పడం తప్పు. ఇరవై ఏళ్ల లోపువాటికి ఆరు గంటలైనా, పది గంటలైనా తక్కువే. 1977 లాంటి వాటికి రెండు నుంచి నాలుగు గంటలు. 1955, 1963 వంటివి గంట చాలు, కొన్నిసార్లు వాటి సువాసన కళ్లముందే ఎగిరిపోతుంది. మీరు మాత్రం ఈ సమయమంతా వేచి ఉండి ఒకేసారి తాగకండి. సీసా స్థితి తెలిసేది అది మారే దిశను బట్టే. ఆరుగురికి మనిషికి 35 మిల్లీలీటర్ల చొప్పున మూడు విడతలు: డికాంట్ చేసిన పది నిమిషాలకు, రెండు గంటలకు, నాలుగు గంటలకు. మొత్తం 630 అవుతుంది. మిగిలే 40, 50 మిల్లీలీటర్లతో ఒక పని ఉంది, కింద చెబుతాను. ఇది 20 శాతం ఆల్కహాల్ కాబట్టి ఒక్కొక్కరికి ఇంతకన్నా ఎక్కువ అవసరం కూడా లేదు.

వేడి గురించి కచ్చితంగా ఉండండి. గ్లాసులో 16 నుంచి 18 డిగ్రీలు. మన గదిలో 30 ఉంటే పోసిన ఐదు నిమిషాలకే 20 దాటుతుంది. కాబట్టి డికాంటర్‌ను ఫ్రిజ్‌లో ఉంచి, 14, 15 డిగ్రీల దగ్గర పోసుకోండి. చిన్న బొడ్డు గ్లాసులు వద్దు. మూతి కాస్త మూసుకుని, పైకి ఇరుకయ్యే వైన్ గ్లాసులో మూడో వంతుకు మించకుండా పోయండి. గదిలో అగరుబత్తి, సాంబ్రాణి, పూల దండలు, తాలింపు వాసన ఏదీ ఉండకూడదు. భోజనానికి ముందే రుచి చూడాలి. కారం తిన్న నాలుకకు 20 శాతం ఆల్కహాల్ నిప్పులా తగులుతుంది. స్వీట్లు ఇంకా చెరుపు: గులాబ్ జామూన్, అరిసె తిన్నాక పోర్ట్ తాగితే దాని తీపి పోయి పులుపూ వగరూ మాత్రమే మిగులుతాయి. మధ్య మధ్య నీళ్లు, ఉప్పు లేని రొట్టె ముక్క చాలు. అక్రోట్లు, స్టిల్టన్ చీజ్ రుచి చూడడం అయిపోయాక తీయండి.

రంగు చూడడానికి తెల్ల కాగితం మీద గ్లాసు వంచండి. మధ్యలో ఇటుక ఎరుపు కలిసిన దానిమ్మ రంగు, అంచున వేలి వెడల్పు నారింజ గోధుమ రంగు: ఈ వయసుకు ఇది ఆరోగ్యం. ఎరుపు ఛాయే లేకుండా అంతా డికాషన్ తేనీటి రంగైతే గాలి తిన్నది, లేదా మొదటి నుంచీ పల్చటి వైన్. మధ్యలో నేరేడు పండులా నల్లగా, అంచు కూడా ఊదాగా ఉంటే అది 1977 అని నమ్మడం కష్టం. మసకగా ఉంటే తప్పు డికాంట్ చేసిన చేతిది. రంగుకు ఇంతకన్నా ఎక్కువ విలువ ఇవ్వొద్దు.

అసలు పని ముక్కుది. మొదట గ్లాసు తిప్పకుండా వాసన చూడండి, తర్వాత తిప్పి చూడండి. తొలి పది నిమిషాల్లో మూసిన గది వాసన, అగ్గిపుల్ల గీసినట్టు గంధకపు వాసన, కొంచెం మురుగు ఛాయ కూడా రావచ్చు. దశాబ్దాలు గాలి లేకుండా ఉన్నందువల్ల వచ్చే దుర్వాసన అది, అరగంటలో పోతుంది. దీన్ని బిరడా తెగులుతో పొరబడి మంచి సీసాలను పారబోసేవాళ్లు ఉన్నారు. బిరడా తెగులు వాసన తడిసిన అట్టపెట్టె, ఆరని గోనెసంచి, బూజు పట్టిన గోడ. రెంటినీ విడదీసే పద్ధతి ఒక్కటే, కాలం. గాలి తగిలిన కొద్దీ మొదటిది తగ్గుతుంది, రెండోది పెరుగుతుంది. బిరడా తెగులు తక్కువ మోతాదులో ఉన్నప్పుడు బూజు వాసన కూడా తెలియకపోవచ్చు, పండు వాసన మాత్రం ఎవరో నోరు నొక్కేసినట్టు అణిగి ఉంటుంది. రెండు గంటలకు కూడా అలాగే ఉంటే అది తెగులే. దానికి మందు లేదు. పెట్టెలోని మిగతా ఐదింటికి మాత్రం దాంతో సంబంధం లేదు, అది ఆ ఒక్క బిరడా దోషం.

నెయిల్ పాలిష్, వెనిగర్ వాసనలు ఎసిటిక్ ఆమ్లం వైపువి. పాత పోర్ట్‌లో కొద్దిగా ఉంటే తప్పు లేదు, పైగా ఆ కొద్దిపాటే మిగతా సువాసనలను పైకి లేపుతుంది. ముక్కులో గుచ్చుకుని మిగతా అన్నిటినీ కప్పేస్తే దోషం. ఇంకొకటి మన ముక్కులకు బాగా తెలిసిన వాసన: మెంతులు. సోటొలాన్ అనే పదార్థం వల్లే మెంతులకు ఆ వాసన, గాలి తగులుతూ పీపాలో ముదిరిన పోర్ట్‌కు కూడా ఆ వాసన దాని వల్లే. టానీలో అది గుణం. వింటేజ్‌లో వేయించిన మెంతులు, మాడిన పాకం, వాల్‌నట్ వాసనలు ముందుండి, పండు వెనక్కి పోయిందంటే బిరడా గుండా గాలి చాలాకాలంగా లోపలికి వెళుతోందని అర్థం. మీ సీసాలో దిగిన మట్టానికీ జిగటకీ సాక్ష్యం ముక్కు దగ్గర దొరికేది ఇక్కడే. వేడి తిన్న సీసాకు ఇంకో రకం గుర్తు, అడుగంటిన జామ్ వాసన.

స్పిరిట్ ఘాటు వేరుగా ముక్కుకు తగిలితే వెంటనే తప్పు పట్టకండి. గ్లాసును ఐదు నిమిషాలు ఫ్రిజ్‌లో పెట్టి మళ్లీ చూడండి. ఘాటు తగ్గి పండు కనిపిస్తే తప్పు మీ గది వేడిది. చల్లబడినా ఘాటు విడిగానే ఉంటే వైన్ సన్నబడిపోయింది, సారాను కప్పే కండ దానికి మిగల్లేదు.

ఆరోగ్యంగా ఉన్న 1977లో వెతకాల్సినవి: ఎండిన అత్తిపండు, ఖర్జూరం, కిస్మిస్, కింద నేరేడు లాంటి నల్ల పండు జాడ, ఎండు గులాబీ రేకులు, లవంగం, దాల్చినచెక్క, మిరియం, తోలు, చందనం. అన్నీ ఉండాలని లేదు. ఒకదాని వెనక ఒకటి వస్తూ పోతూ ఉండడం ముఖ్యం. ఒకే వాసన మొదటి నుంచి చివరి దాకా ఉంటే, ఎంత గాఢంగా ఉన్నా వైన్ స్థాయి మధ్యస్థమే.

నోట్లోకి ఒక టీస్పూను అంత తీసుకుని పది సెకన్లు అంతటా తిప్పండి. తీపి ముందు వస్తుంది, పక్కల పులుపు, చిగుళ్ల మీద వగరు, మింగాక గొంతులో వెచ్చదనం. చక్కెర ఏళ్లు గడిచినా పెద్దగా తగ్గదు. పండు తగ్గడంతో నాలుకకు తీపి తక్కువగా అనిపిస్తుంది. ఈ వయసులో వగరు కరుకుగా ఉండకూడదు, బాగా నలిగిన పట్టులా పల్చటి పొరగా తెలియాలి. అసలు లేకపోతే వైన్‌కు ఎముక లేనట్టు, తీపి నీళ్లలా జారిపోతుంది. తీపి ఒక పక్క, మంట ఒక పక్క, మధ్యలో ఖాళీ అనిపిస్తే అది దిగిపోతున్న వైన్. నాలుగూ విడివిడిగా లెక్కపెట్టలేనట్టు ఒక్కటైపోతే శిఖరం మీద ఉన్నట్టు.

సంస్థల శైలి తెలిసి ఉంటే అన్యాయంగా మార్కులు కోయకుండా ఉంటారు. డౌ వైన్లు స్వభావంగానే కాస్త తీపి తక్కువ, గ్రాహమ్ తీపి ఎక్కువ, టేలర్ నిటారుగా గట్టిగా ఉంటుంది, ఫొన్సేకా పండుతో నిండుగా ఉంటుంది. డౌలో తీపి తక్కువైందని దాన్ని ముసలిదనం కింద రాయకూడదు. 1977 సంవత్సరం గురించి కూడా ఒక మాట: విడుదలైనప్పుడు దీన్ని ఆకాశానికెత్తారు. కాలం గడిచాక చాలామంది 1970ని దానికన్నా పైన పెడుతున్నారు, నా మాట కూడా అదే. మంచి సంవత్సరమే, పేరు చూసి అదనపు మార్కులు మాత్రం వేయకండి.

మింగిన క్షణం నుంచి గడియారం చూడండి. తీపి, వెచ్చదనం కాదు, పండు రుచి ఎంతసేపు నిలిచిందో లెక్కించాలి. పదిహేను సెకన్లైతే సాధారణం, అరనిమిషం బాగున్నట్టు, నిమిషం దాటితే గొప్ప వైన్. ఒకరి లెక్క ఇంకొకరికి చెప్పుకోకుండా ఆరుగురూ విడిగా రాయండి. టేబుల్ మీద పెద్దవాళ్లు ముందు నోరు విప్పితే మిగతా ఐదుగురూ అదే రాస్తారు.

మార్కులు వేయాలంటే ఇరవైకి వేయండి: వాసనకు 6, నోటి రుచికి 7, నిలిచే రుచికి 4, పొందికకు 3. రంగుకు ఏమీ లేదు. ఇవి వైన్ స్థాయికి. సీసా స్థితిని మార్కుల్లో కలపకుండా మాటల్లోనే రాయండి: నిక్షేపం, కొంచెం గాలి తిన్నది, వేడి తిన్నది, బిరడా తెగులు. తెగులు ఉన్న సీసాకు మార్కులే వేయకూడదు, అందులో మీరు రుచి చూసింది ఆ వైన్‌ను కాదు. ఒక నోట్ ఇలా ఉండొచ్చు:

"1977. మట్టం భుజం పైభాగం, పాత కారుడు, బిరడా రెండు ముక్కలు. మొదట గంధకం, ఇరవై నిమిషాలకు పోయింది. ఇటుక ఎరుపు, వెడల్పు నారింజ అంచు. రెండు గంటలకు అత్తి, ఎండు గులాబీ, లవంగం. మెంతి ఛాయ కొద్దిగా. మధ్యస్థ తీపి, మెత్తటి వగరు, గొంతులో మంట లేదు. 40 సెకన్లు. నాలుగు గంటలకు వాసన కాస్త తగ్గింది, నోట్లో మార్పు లేదు. స్థితి: కొంచెం గాలి తిన్నది. స్థాయి: 16."

గంటలు రాయని నోట్ పాత పోర్ట్ విషయంలో దాదాపు పనికిరాదు.

డబ్బు విలువ కోసం చూస్తుంటే, వేలంలో ధరను నిర్ణయించేవి సంస్థ, సంవత్సరం, మట్టం, ఇన్నాళ్లూ ఎక్కడ నిల్వ ఉందన్న రుజువు, చీలని అసలు చెక్కపెట్టె. రుచి కొనేవాళ్లకు తెలిసే అవకాశం లేదు కదా. కారిన ఒంటి సీసాకు ధర బాగా పడిపోతుంది. పైగా మన దేశంలో లైసెన్స్ లేకుండా మద్యం అమ్మడం నేరం, కాబట్టి మీ సీసాకు ఆ దారి లేదు. పెదనాన్నగారి ఐదు సీసాలు కొన్న రోజు బిల్లుతో, ఒకే నేలమాళిగలో ఉంటే అక్కడ వాటికి వేరే లెక్క.

ఇక మిగిల్చిన ఆ 40, 50 మిల్లీలీటర్లు. డికాంట్ చేయగానే వాటిని చిన్న సీసాలో మూత దాకా నింపి ఫ్రిజ్‌లో పెట్టేయండి. పెద్ద సీసాలో అడుగున ఉంచితే పైనున్న గాలే దాన్ని చంపేస్తుంది, అప్పుడు పరీక్ష చెల్లదు. మర్నాడు అదే సమయానికి 16 డిగ్రీలకు తెచ్చి చూడండి. ముందు రోజు నాలుగో గంట కన్నా బాగుంటే ఈ వైన్‌కు ఇంకా పదేళ్లైనా ఆయుష్షు ఉంది. అలాగే ఉంటే ఇదే దాని శిఖరం. చప్పబడి, మెంతీ మంటా మిగిలితే ఇక ఆలస్యం చేయకూడదు. అయితే ఈ ఫలితాన్ని పెదనాన్నగారి ఐదింటికి ఉన్నదున్నట్టు అంటించకండి. మీది విమానమెక్కింది, మన ఎండ చూసింది, కారింది. అవి కదలకుండా చల్లగా ఉన్నాయి. మీ సీసా మర్నాటికి నిలబడితే, అవి ఇంకా బాగా నిలబడతాయి, ఏడాదికి ఒకటి చొప్పున తెరుచుకోవచ్చు. మీది పడిపోతే అది మీ సీసా సంగతి కావచ్చు. అప్పుడు ఆయన్ని ఐదు సీసాల మట్టాలు ఫొటో తీసి పంపమనండి, వాటిలో అన్నిటికన్నా కిందికి దిగినదాన్ని ఈ శీతాకాలమే తెరిచి, ఇదే మూడు విడతల పద్ధతిలో గంటలతో సహా నోట్ రాయమనండి. ఆ రెండు నోట్లూ పక్కన పెట్టి చూస్తే ఏది వైన్ గుణమో, ఏది ప్రయాణం చేసిన చెరుపో తేలిపోతుంది.